రంగం నుంచి కంచరపాలెం దాకా: మా పెద్దమ్మ జ్ఞాపకాలను రికార్డు చేసిన ఒక విశాఖ సంస్థ గురించి

విశాఖపట్నం కంచరపాలెంలో, బర్మా నుంచి వచ్చినవారి వాడ అయిన బర్మా క్యాంపులో ఉండే మా పెద్దమ్మకు ఇప్పుడు 81 ఏళ్ళు. ఆవిడ బర్మాలోని రంగూనులో (ఉత్తరాంధ్రలో పాతకాలం వారు దానిని రంగం అనే అంటారు) పుట్టి, అక్కడే పెరిగి, పెళ్ళయ్యాక 1965లో చంటిపిల్లను ఎత్తుకొని ఓడ ఎక్కి వచ్చింది. మా అమ్మ ఆవిడకు చెల్లెలు. పదమూడేళ్ళ వయసులో అదే ఓడలో వచ్చింది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. రంగూను గురించి ఆమె మాకు ఎన్నో చెప్పింది గాని, వాటిలో ఒక్కటీ ఆమె గొంతులో మా దగ్గర లేదు. ఒక పెళ్ళి వీడియోలో ఎవరినో భోజనానికి లెమ్మని పిలిచే నాలుగు మాటలు మాత్రం మిగిలాయి. పెద్దమ్మ విషయంలోనూ అలా జరగకూడదనుకున్నాము. పెద్దవారి జ్ఞాపకాలను ఇంటికి వచ్చి రికార్డు చేసుకొని, వాటిని ఎత్తిరాసి, పుస్తకంగా కట్టి ఇచ్చే సంస్థ ఒకటి విశాఖపట్నంలోనే ఉందని తెలిసి, కిందటి ఏడాది ఆ పని వారికి అప్పగించాము. ఆ అనుభవాన్ని, అందులోని మంచినీ లోపాన్నీ, ఇలాంటి పని చేయించాలనుకునే కుటుంబాల కోసం ఇక్కడ రాస్తున్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. ముగ్గురే కలిసి నడుపుకుంటున్న చిన్న సంస్థ అది. నేను ఎత్తిచూపిన తప్పులలో చాలావాటిని వారు సరిదిద్దారు కూడా. ఇలాంటి సేవ ఎవరి దగ్గర తీసుకున్నా ఏమేమి చూసుకోవాలో తెలిస్తే చదివేవారికి అదే ఎక్కువ ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వినడంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను, రాయడంలో సగమే వేస్తాను.

మూడు విడతల సంభాషణకు, మాటలన్నీ ఎత్తిరాసిన ప్రతికి, ఇంట్లోని పాత కాగితాలూ ఫోటోల స్కానింగుకు, పెన్‌డ్రైవులో ఆడియోకు, ఐదు అచ్చు ప్రతులకు కలిపి 24,000 రూపాయలు తీసుకున్నారు. సగం ముందుగానూ సగం పుస్తకం చేతికి అందాకనూ ఇచ్చాము. మొదట ఇది ఎక్కువే అనిపించింది. తరువాత నేనే ఒక పది నిమిషాల ముక్కను విని కాగితం మీద పెట్టబోతే గంటకు పైగా పట్టింది. అప్పటినుంచి ధర గురించి నాకు ఫిర్యాదు లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు వారు రికార్డరు బయటికి తీయనే లేదు. ప్రశ్నలు అడిగే అమ్మాయి, చరిత్రలో ఎంఏ చదివిన మనిషి, పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చొని అనుమతి పత్రం చదివి వినిపించింది. అందులో మూడు గడులు ఉన్నాయి. ఈ మాటలు కుటుంబానికి మాత్రమేనా, పరిశోధన చేసేవారికి కూడా ఇవ్వవచ్చునా, ఎవరైనా వినవచ్చునా అన్నవి ఆ మూడూ. రికార్డింగు అయిపోయిన తరువాత కూడా ఏ భాగాన్నైనా తీసివేయమని అడిగే హక్కు మాట్లాడినవారికి ఉంటుందని విడిగా ఒక వాక్యం ఉంది. అది మా హక్కు కాదనీ, పెద్దమ్మదేననీ ఆ అమ్మాయి మాకు నొక్కి చెప్పింది. డబ్బు కట్టింది నేను కనుక ఆ క్షణంలో కొంచెం చురుక్కుమంది గాని, ఆలోచిస్తే అదే న్యాయం. పెద్దమ్మ మధ్య గడిలో గుర్తు పెట్టి, బర్మా లిపిలో సంతకం చేసింది. రంగూనులో బర్మా భాషలోనే బడి చదువు చదివిన ఆవిడ, తెలుగు రాయడం ఇక్కడికి వచ్చాక, ఇరవై దాటాక నేర్చుకుంది. రెండు లిపులూ గుండ్రంగానే ఉంటాయి కనుక చెయ్యి తొందరగానే తిరిగిందని అప్పుడే మొదటిసారి విన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ సంతకాన్ని నేను చూసింది కూడా అదే మొదటిసారి.

మొదటి విడతలో మా అన్నయ్య కూడా గదిలోనే కూర్చున్నాడు. పెద్దమ్మ ఒక సంవత్సరం చెబితే వాడు మరొకటి చెప్పడం, ఆవిడ ఆగిపోవడం, "సరేలే, నువ్వే సెప్పు నాన" అనడం రెండుసార్లు జరిగింది. ఆ అమ్మాయి రికార్డరు ఆపి, "అన్నయ్యగారూ, మీ జ్ఞాపకాలు కూడా మాకు కావాలి, వాటిని వేరే రోజు తీసుకుంటాము. ఈరోజు మామ్మగారికి ఎలా గుర్తుంటే అలాగే రానిద్దాము" అని మర్యాదగా చెప్పి వాడిని వరండాలోకి పంపింది. ఎవరైనా ఇంటి పెద్దవారి మాటలు రికార్డు చేయించేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. సంవత్సరాలను తరువాత కాగితాలతో సరిచూసుకోవచ్చు. మాట మధ్యలో తెగిపోతే దాన్ని అతికించలేము.

ప్రశ్నలు వేసిన తీరు నన్ను ఆకట్టుకుంది. "మీరు చాలా కష్టాలు పడ్డారా" అని ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అడగలేదు. "మీ ఇంటి గుమ్మం దగ్గర నిలబడితే ఎడమవైపు ఏమి కనిపించేది?" అని అడిగింది. పెద్దమ్మ కళ్ళు మూసుకొని, పజుండాంగ్ కాలువ, దాని ఒడ్డున బియ్యం మిల్లుల పొగగొట్టాలు, ఊక గాలికి ఎగిరివచ్చి ఆరేసిన బట్టల మీద పడడం, బట్టలు దులపకుండా మడతపెట్టినందుకు మా అమ్మమ్మ చేత తిట్లు తినడం, వరుసగా చెప్పుకుంటూ పోయింది. రంగూనులో మిల్లుల్లోనూ రేవులోనూ కూలి పని చేసినవారిలో తెలుగువారు ఎక్కువమంది ఉండేవారనీ, వారిలో చాలామంది విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాలనుంచి కూలీలను కుదిర్చే మేస్త్రీల ద్వారా వెళ్ళినవారనీ పుస్తకాలలో చదువుకోవచ్చు. ఆరేసిన బట్టల మీద ఊక పడిన సంగతి మాత్రం ఎక్కడా దొరకదు.

రెండో విడతలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. పెద్దమ్మ మంచం కింద ఒక గుండ్రటి రాతి పలక ఉంటుంది. దాని మీద ఆవిడ గంధం తీస్తుంది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి నేను దానిని గంధపు సాన అనే అనుకున్నాను. ఆ అమ్మాయి దాని అంచున చుట్టూ చెక్కిన సన్నటి గాడిని చూసి, "ఇది ఇక్కడ కొన్నదేనా, మామ్మగారూ?" అని అడిగింది. కాదట. బర్మాలో ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే తనకా చెక్కను అరగదీసే రాయి అది, నీళ్ళు బయటికి కారిపోకుండా ఆ గాడిలోకి దిగుతాయి. ఓడ ఎక్కేటప్పుడు ఏమేమి తీసుకురావచ్చునో పరిమితి ఉండగా, చంటిదాని గుడ్డల మూటలో దానిని చుట్టి తెచ్చిందట. "బంగారం ఒగ్గీసి రాయి తెచ్చినావేటే అని మాయమ్మ నవ్వింది" అని చెప్పి, ఆవిడ ఒక చుక్క నీరు వేసి, గంధపు చెక్కతో దాని మీద అరగదీసి చూపింది. ఆ శబ్దం రికార్డింగులో దాదాపు ఒక నిమిషం పాటు ఉంది. రాయి మీద చెక్క తిరిగే ఆ గరగరను వారు అనవసరమని కత్తిరించి పారేయలేదు. దానికి నేను వారికి ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

రాయి మాట వచ్చాక బంగారం మాట రాక తప్పలేదు. "మరి బంగారం ఏమైంది?" అని ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. పెద్దమ్మ మాట్లాడలేదు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. మాట కలిపి సర్దేద్దామని నాకు అనిపించింది. ఆ అమ్మాయి మాత్రం కదలలేదు, మరో ప్రశ్న వేయలేదు, తలదించుకొని కూర్చుంది. తరువాత రికార్డింగులో చూస్తే ఆ మౌనం 47 సెకన్లు ఉంది. మధ్యలో రైలు కూత వినిపిస్తుంది. ఆ తరువాత పెద్దమ్మ గొంతు చాలా మామూలుగా వస్తుంది: "రేవుకాడ మాయమ్మ మెళ్ళో పుస్తిలు తీయించీసినారు. పసుపుకొమ్ము కట్టుకొని ఓడెక్కింది. మాయయ్య అటేపు తిరిగి నిలబడ్డాడు." మా అమ్మ ఈ సంగతి మాకు ఎన్నడూ చెప్పలేదు. పక్కనే నిలబడి చూసిన పదమూడేళ్ళ పిల్ల బతికినంతకాలం ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాదు. ఆ 47 సెకన్లను ఎవరైనా ఏదో ఒక మాటతో నింపి ఉంటే నాకు ఈ సంగతి తెలిసేదే కాదు.

మూడో విడత అయిన రెండు రోజులకు పెద్దమ్మ నాకు ఫోను చేసి, ఒక బంధువు గురించి తాను చెప్పిన మాటలు తీసివేయించమంది. సంస్థవారు ఎందుకని అడగలేదు. ఆ ఏడు నిమిషాలను అసలు ఫైలులోనూ వారి దగ్గరున్న నకళ్ళలోనూ తొలగించి, ఆ చోటును ఇంటికి వచ్చి ఆవిడకు వినిపించి వెళ్ళారు. అనుమతి పత్రంలో రాసిన మాటను వారు ఆచరించి చూపారు.

రికార్డింగు నాణ్యత బాగుంది. రెండు రికార్డర్లు పెట్టారు, చీర అంచుకు చిన్న మైకు తగిలించారు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపించారు. మే నెలలో గంటన్నర ఫ్యాను లేకుండా కూర్చోవడం పెద్దవారికి కష్టమే కనుక, వీలైతే డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోమని నా సలహా.

ఇక లోపాల సంగతి. ఎత్తిరాసిన ప్రతి మొదటిసారి చేతికి వచ్చినప్పుడు, నాలుగు పేజీలు చదివేసరికి ఇది మా పెద్దమ్మ కాదనిపించింది. రికార్డింగులో ఆవిడ, "మాయయ్య పజుండంగులోన బియ్యం మిల్లులోన బస్తాలు మోసీవోడు" అంటుంది. కాగితం మీద, "మా నాన్నగారు పజుండాంగ్‌లోని బియ్యపు మిల్లులో ఉద్యోగం చేసేవారు" అని ఉంది. అడిగితే, ఎత్తిరాసిన వ్యక్తి భాషను శుభ్రం చేశాడనీ, చదివేవారికి సులువుగా ఉంటుందనీ, కొన్ని కుటుంబాలవారు అలాగే కోరతారనీ చెప్పారు. కోరేవారు ఉండవచ్చు. కాని ఇక్కడ మారింది యాస ఒక్కటే కాదు. బస్తాలు మోసిన మనిషి ఉద్యోగస్థుడైపోయాడు. మా తాత ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి వాలి ఉండేది, నేను చూశాను. మిల్లులో ఉద్యోగం చేస్తే భుజం అలా వాలదు. మా వాళ్ళు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకొని వెళ్ళిన కూలీలు. ఆ సంగతి చెప్పుకోవడానికి పెద్దమ్మకు లేని మొహమాటం ఎత్తిరాసిన వ్యక్తికి ఎందుకు?

ఇంకొక మార్పు నన్ను ఇంతకన్నా బాధపెట్టింది. "అక్కడ మమ్మల్ని కోరంగోళ్ళు అనీవోరు" అని పెద్దమ్మ చెప్పిన చోట, ప్రతిలో "అక్కడ మమ్మల్ని ఆంధ్రులు అని పిలిచేవారు" అని ఉంది. ఎవరూ అలా పిలవలేదు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839లో వచ్చిన తుపాను దానిని దెబ్బతీసింది. ఆ రేవునుంచి వెళ్ళిన తెలుగువారిని బర్మాలో కోరంగీలు అన్నారు. రేవు పోయి వందేళ్ళు దాటినా, విశాఖపట్నం నుంచీ భీమునిపట్నం నుంచీ కళింగపట్నం నుంచీ వెళ్ళినవారికి కూడా ఆ పేరే నిలిచింది. దక్షిణాసియా వారందరినీ కలిపి వాడే కలా అన్న తక్కువచూపు మాట మరొకటి ఉంది, పెద్దమ్మ దానిని కూడా చెప్పింది. తీరా ఇక్కడికి వస్తే కుళాయి దగ్గర, రేషను కొట్టు దగ్గర వారు బర్మావోళ్ళు అయ్యారు. అక్కడ కోరంగోళ్ళు, ఇక్కడ బర్మావోళ్ళు. ఈ రెండు పేర్ల మధ్యనే ఆవిడ జీవితమంతా నడిచింది. అందులో ఒక పేరును గౌరవం పేరుతో చెరిపేస్తే రెండోదానికి అర్థం మిగలదు. ఈ సంగతి మెయిలులో వివరంగా రాస్తే, మూడు రోజుల్లో జవాబు వచ్చింది. మొత్తం ప్రతిని రికార్డింగు పక్కన పెట్టుకొని మళ్ళీ రాయడానికి, అదనపు డబ్బు తీసుకోకుండా, ఒప్పుకున్నారు.

ఊళ్ళ పేర్ల విషయంలో కూడా జాగ్రత్త చాలలేదు. పజుండాంగ్ అన్న పేరే మూడు పేజీల్లో మూడు విధాలుగా ఉంది. ప్రోమ్ అన్న ఊరు ఒకచోట ప్రేమ్ అని అచ్చయింది. బర్మా పేర్లు తెలియకపోవడం తప్పు కాదు. రికార్డింగు అయిన రోజునే పెద్దమ్మ దగ్గర కూర్చొని పేర్ల పట్టిక ఒకటి రాసుకొని ఉంటే పావుగంటలో తీరిపోయే పని. రెండోసారి అలాగే చేశారు.

అన్నిటికన్నా పెద్ద తప్పు పుస్తకం ముందు వారు తమంతట తాము చేర్చిన చారిత్రక నేపథ్యం అన్న రెండు పేజీలలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను బాంబులు వేయగా బర్మాలోని తెలుగువారందరూ అడవుల గుండా నడిచి స్వదేశానికి చేరుకున్నారనీ, వారికోసమే విశాఖలో క్యాంపు ఏర్పడిందనీ అందులో రాశారు. ఇది రెండు తరాల కథలను ఒకటిగా కలిపేయడమే. 1942 వేరు, 1964 వేరు. దానికీ ముందు 1930 ఉంది. ఆ ఏడు మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె కడితే, వారి స్థానంలో బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరాక బర్మా కూలీలను మానిపించి తెలుగువారిని తిరిగి తీసుకోవడంతో కొట్లాట మొదలై ఊరంతా పాకింది. చాలామంది తెలుగువారు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఎందరో ఓడలెక్కి వెనక్కి వచ్చేశారు. అయినా 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరంలో సగానికి మించి భారతీయులే ఉన్నారు. 1937 ఏప్రిల్‌లో బర్మా భారతదేశం నుంచి విడిపోయి, రంగం పోవడమంటే పరాయి దేశం పోవడం అయింది.

1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో నగరం జపాను వశమైంది. ఆ నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు కాలినడకన, పడవల్లో బయలుదేరారని చరిత్రకారుల అంచనా. మా తాత తమ్ముడు వారిలో ఒకడు. ప్రోమ్ నుంచి కొండలు దాటి తౌంగుప్ మీదుగా అరకాన్ తీరానికి చేరే దారి పట్టాడు. ఆ దారిలో కలరా సోకి, నీళ్ళు లేక ఎందరో రాలిపోయారు. ఆయన ఇల్లు చేరలేదు. చేరగలిగినవారికి ఇక్కడ కూడా నెమ్మది లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం ఊరు వదిలి పల్లెలకు పోయారు. మా తాత మాత్రం నెలలు నిండుతున్న భార్యను నడిపించలేక రంగూనులోనే ఉండిపోయాడు. అప్పుడు పుట్టిన మగబిడ్డ దక్కలేదు. ఆ తరువాత 1944లో, జపాను ఏలుబడిలోనే, పెద్దమ్మ పుట్టింది.

ఆ కుటుంబం ఇటు రావడానికి కారణం యుద్ధం కాదు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాక కొట్లూ మిల్లులూ బ్యాంకులూ ప్రభుత్వపరం అయ్యాయి. 1964 మే నెలలో 50, 100 చాట్ల (చాట్ అంటే బర్మా రూపాయి లాంటిది) నోట్లు చెల్లవని ప్రకటించారు. మా తాత పాతికేళ్ళ కూలి డబ్బు వంద నోట్లుగా రేకుపెట్టెలో ఉంది. "రేడియోలోన సెప్పినారు. మాయయ్య పెట్టి తీసి సూసి, మళ్ళీ మూసీసినాడు" అని పెద్దమ్మ రికార్డింగులో చెప్పింది. విదేశీయుల నమోదు పుస్తకం చేతిలో ఉన్నవారికి ఇక అక్కడ బతుకు లేదని తేలిపోయింది. భారత ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఓడల్లో ఒకటెక్కి వారు మద్రాసులో దిగి, రైలులో వాల్తేరు వచ్చారు. అప్పటికి మన స్టేషను పేరు అదే. నడిచివచ్చిన తరానికీ ఓడలో వచ్చిన తరానికీ మధ్య ఇరవై రెండేళ్ళ ఎడం ఉంది. ఒకరిని తరిమింది యుద్ధం, ఇంకొకరిని పంపించింది చట్టం. క్యాంపులోని పెద్దవారిని ఎవరిని అడిగినా ఈ తేడా చెబుతారు. జ్ఞాపకాలను భద్రపరిచే పని చేసే సంస్థ, ఆ జ్ఞాపకాలు చెప్పిన మనిషి మాటకే విరుద్ధంగా ఉన్న రెండు పేజీలను ఆవిడ పుస్తకానికి ముందుమాటగా అచ్చు వేయడాన్ని నేను తేలికగా తీసుకోలేకపోయాను. ఆ పేజీలు తీసివేయమన్నాను. తీసివేసి, వాటి స్థానంలో ఆవిడ చెప్పిన సంవత్సరాలనూ, ఇంట్లో ఉన్న కాగితాలలోని తేదీలనూ పక్కపక్కన చూపే ఒక పేజీ పెట్టారు. ఒక చోట రెండూ కలవలేదు. ఓడ ఎక్కిన నెలను పెద్దమ్మ ఒకటి చెబితే, కాందిశీకుల కార్డు మీద ఇంకొకటి ఉంది. రెండూ అలాగే ఉంచారు. అది సరైన పద్ధతి.

ఆరు వారాలన్న పని పదిహేను వారాలు పట్టింది. మళ్ళీ రాయించింది నేనే కనుక అందులో కొంత నా వాటా. మొదటి ప్రతే నెల రోజులు ఆలస్యంగా వచ్చింది, ఫోను చేస్తేగాని కబురు చెప్పలేదు. ఎనభై దాటినవారి విషయంలో ఆలస్యం మామూలు ఆలస్యం కాదని వారికి చెప్పాను.

చివరికి అందిన పుస్తకం 112 పేజీలు, దళసరి కాగితం, కుట్టు బైండింగు. పెద్దమ్మ మాట పెద్దమ్మ మాటగానే ఉంది. ఇప్పటివారికి తెలియని మాటలకు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అర్థం ఇచ్చారు. మౌనం ఉన్నచోట చుక్కలు పెట్టకుండా ఎన్ని సెకన్లో అంకె వేశారు. పేజీ అంచున ఆడియోలో ఆ మాట వచ్చే నిమిషం కూడా వేశారు, కాబట్టి చదువుతూ అక్కడికక్కడ వినవచ్చు. నమోదు పుస్తకాన్నీ, కార్డునూ, రంగూను స్టూడియోలో తీసిన ఒకే ఒక్క కుటుంబ ఫోటోనూ మా ఇంట్లోనే స్కాను చేశారు, బయటికి తీసుకువెళ్ళలేదు. ఆడియోను కుదించని ఫైలుగానూ, ఫోనులో వినడానికి వీలైన చిన్న ఫైలుగానూ రెండు విధాల ఇచ్చారు. ఒక నకలు మా ఇంట్లో, ఒకటి హైదరాబాదులో ఉన్న అన్నయ్య కూతురి దగ్గర, ఒకటి తమ దగ్గర ఉంచమని వారే చెప్పారు. ఒకే ఊళ్ళో మూడు నకళ్ళున్నా లాభం లేదని హుద్‌హుద్‌ తుపాను చూసిన విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

ఒకటి మాత్రం వారి వల్ల అయ్యే పని కాదు. పెద్దమ్మ రెండో గడిలో గుర్తు పెట్టింది, అంటే పరిశోధన చేసేవారు వినవచ్చు. కాని వారు ఎక్కడికి వచ్చి వినాలి? దేశ విభజనను చూసినవారి వాంగ్మూలాలకు 2017లో అమృత్‌సర్‌లో ఒక మ్యూజియమే వెలిసింది. రంగం నుంచి వచ్చినవారి మాటలు కూడా అలా ఒక చోట చేరాలని, ఆ చోటు ఈ ఊళ్ళోనే ఉండాలని నా కోరిక. అంతవరకు ఇంటింటా ఒక పెన్‌డ్రైవు ఉన్నా మేలే.

ఈ సేవను తీసుకోమనే చెబుతాను, కొన్ని షరతులతో. మాటను మాటగానే ఎత్తిరాయాలన్న సంగతి డబ్బు కట్టే ముందే కాగితం మీద రాయించుకోండి. మొదటి పది పేజీలు రాయగానే పంపమని అడగండి, పూర్తయ్యేదాకా ఆగవద్దు. చరిత్ర పేరిట వారు చేర్చే ప్రతి వాక్యాన్నీ చెప్పిన మనిషికి చదివి వినిపించి, ఆ తరువాతే అచ్చుకు ఒప్పుకోండి. గదిలో ఇద్దరికి మించి ఉండకండి. పెట్టెల్లో, మంచాల కింద ఉన్న పాత వస్తువులను ముందురోజే బయటికి తీసి కంటికి కనబడేలా పెట్టండి.

పెద్దమ్మకు పుస్తకం ఇచ్చినప్పుడు ఆవిడ చదవలేదు, చూపు ఆనదు. నా ఫోనులో ఆడియో పెట్టమంది. రాయి అరగదీసే చోటు వచ్చాక ఆపమని, వెనక్కి తిప్పించి మళ్ళీ వింది. వెనక సందులో ఉండే తన స్నేహితురాలు, 1964లో ఓడలో వచ్చిన మనిషి, తానూ చెబుతానని అంటోందట. సంక్రాంతి వెళ్ళాక ఆవిడ కోసం రెండు తేదీలు అడిగి పెట్టాను.